ఆవచెక్క వేసిన మడి

మా అత్తగారింట్లో ఒక కథ చెప్పుకుంటారు. ఒక ఏడాది మిరపనారు మొత్తం మొలవకుండా పోయిందట. నారు పోసిన ముసలిదాని చెయ్యి మంచిది కాదట. ఆమెను మాన్పించాకే మడి మళ్ళీ పచ్చబడిందట. నా మనవళ్ళు కూడా ఈ కథను నవ్వుతూ చెబుతారు.

అది అబద్ధం. ఆ ఏడాది నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. విత్తనం తీసి ఇచ్చింది నేనే. నారు ఎందుకు మొలవలేదో నాకు తెలుసు. తెలిసి కూడా ఊరుకున్న రోజు ఒకటి ఉంది కాబట్టి, ఇంకొకరి మీద కోప్పడే హక్కు నాకు ఎంతుందో చెప్పలేను. అయినా కోపం పోలేదు. పోతుందేమోనని ఎదురుచూడటం కూడా ఎప్పుడో మానేశాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఊరు కోడుమూరుకు బండిమీద అరపూట దూరం. మా ఇంటి పొలాలన్నీ వాన మీద ఆధారపడ్డవే. జొన్న, కొర్ర, వేరుశనగ బుడ్డలు. ఒక్క బావి కింద మాత్రం నాలుగెకరాల తోట ఉండేది. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడితే ఆ తోటలో మిరప పండేది. ఆ మిరప మీదే మా మామకు చుట్టుపక్కల పేరు. మా అత్త నేను కాపురానికి వచ్చిన రెండో ఏడే పోయింది. ఆమె పోయాక విత్తనాల కుండలు నా చేతికి వచ్చాయి. మా ఇంట్లో విత్తనం ఆడవాళ్ళ సొత్తు. పండు మిరపకాయల్లో మంచివి ఏరి, ఎండబెట్టి, గింజ రాల్చి, బూడిద కలిపి కుండలో పెట్టడం దగ్గరనుంచి, పోసే రోజున ఒడిలో పెట్టుకుని బావి దగ్గరికి మోసుకుపోవడం వరకు ఇంటి కోడలి పని. ఇంట్లో నాకు అధికారం ఉన్న వస్తువు అదొక్కటే.

బావి దగ్గర నారుమడి చూసే మనిషిని నేను అవ్వా అని పిలిచేదాన్ని. మిగతావాళ్ళందరూ ఏమే అనేవాళ్ళు. మా ఆయన పుట్టకముందు నుంచి ఆ మడిలో నారు పోసింది ఆమే. మొగుడు చిన్నప్పుడే పోయాడు. ఒక్క కూతురిని మహానంది దగ్గర పల్లెకు ఇచ్చింది. అవ్వ మడి కట్టే తీరు చూడాల్సిందే. ఎండాకాలం చివర మడి మీద ఎండుకంప పరిచి కాల్చేది. ఆ బూడిదను మట్టిలో కలిపి, జల్లెడ పట్టిన దిబ్బఎరువు వేసి, అరచేత్తో నిమిరి నిమిరి చదును చేసేది. గింజలు ఆమె వేళ్ళ సందుల్లోంచి ఒకదాని మీద ఒకటి పడకుండా జారేవి. ఊళ్ళో తోటలున్న పది ఇళ్ళవాళ్ళు తొలి పిడికెడు ఆమె చేత వేయించుకునేవాళ్ళు. ఆమె చెయ్యి చలవ అనేవాళ్ళు. ఆమె బతుకంతా ఆ మాట మీదే నడిచింది.

నేను చెప్పే ఏడాదికి ముందు రెండేళ్ళు నారు కుళ్ళింది. మొలిచిన వారానికి కాడ నేలకు ఆనుకున్న చోట మెత్తబడి, మొక్క పక్కకు వాలిపోయేది. పీకి చూస్తే కొన్నిటి వేళ్ళకు బుడిపెలు. అవ్వ మడిని పక్కకు జరిపింది, కంప ఎక్కువ కాల్చింది. సగం నారు దక్కింది, సగం పోయింది.

అప్పుడొచ్చాడు వ్యవసాయాఫీసరు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కాలువల కింద వరిచేలున్న సీమలో పుట్టి, అక్కడే చదువుకుని, మా వైపు కొత్తగా బదిలీ అయ్యాడు. మా అరుగు మీద కూర్చుని మా మామకు చెబుతుంటే నేను తలుపు లోపల నిలబడి విన్నాను.

"ఆవచెక్కలో ఒక ఘాటు ఉంటుందండీ. మట్టిలో కలిపితే అది పొగలాగా లోపలంతా పాకి, పురుగునూ కుళ్ళునూ చంపుతుంది. మందు కాదు, విషం కాదు, చెట్టునుంచి వచ్చిందే. ఏడు రోజుల్లో దానంతటదే విరిగిపోతుంది. ఎనిమిదో రోజు నిశ్చింతగా విత్తనం వేసుకోవచ్చు."

మా వైపు ఆవాలు పోపులోకి తప్ప గానుగకు పోయేవి కావు. నూనె తీశాక మిగిలే ఆవచెక్కను ఉత్తరాది నుంచి తెప్పించి, నాలుగు గోతాలు ఆయనే బండిలో పంపించాడు. నెలా పది రోజుల్లో కర్నూలు నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడని, మా మడిని చూపించి జిల్లా అంతా ఈ పద్ధతి పెట్టిస్తామని అన్నాడు. మా మామ మీసం మీద చెయ్యి వేసుకోవడం తలుపు సందులోంచి నాకు కనిపించింది.

అవ్వ అరుగు కింద దూరంగా కూర్చుని ఉంది. ఆమెకు పని చెప్పడానికి పిలిపించారు. ఆమె అడిగింది, "ఏడు దినాలంటే ఎప్పటినుంచి సామీ? కలిపిన పొద్దునుంచా, నీళ్ళు పెట్టిన పొద్దునుంచా?"

ఆఫీసరు నవ్వాడు. "ఏడు రోజులంటే ఏడు రోజులే."

"అది కాదు సామీ..."

"చెప్పిన పని చెయ్యి," అన్నాడు మా మామ. "ఆయప్ప సదువుకోని వచ్చినాడా, నువ్వు సదువుకోని వచ్చినావా?"

ఆ ప్రశ్నకు ఈ రోజు వరకూ నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అవ్వ అడిగింది ఒక్కటే ప్రశ్న, ఆ రోజు అరుగు మీద అడగదగ్గ ప్రశ్న అదొక్కటే.

ఆ సాయంత్రం అవ్వ పెరటివైపు వచ్చి నన్ను పిలిచింది.

"కోడలమ్మా, ఆవాలు పొడిగా దంచితే ముక్కుకు ఏమన్నా తగుల్తాదా?"

"తగల్దు. నీళ్ళు పోసి నూరితేనే ఘాటు."

"నూరి పెట్టినాక?"

"ఆ పూటకే. రేపటికి పోతాది. మూత పెడితే ఇంకాసేపు ఉంటాది."

"అంతే గదా. మరి పొడి మట్టిలో పొడి చెక్క కలిపితే ఏడు దినాలైనా, డెబ్బై దినాలైనా అది నిద్ర పోతాంటాది. నీళ్ళు తాగినప్పుడు గదా లేసేది."

పులుసుకూరలో ఆవ పెట్టిన ఏ ఆడదానికైనా తెలిసిన సంగతి అది. నేను మా ఆయనతో చెప్పాను. ఆయన మంచివాడే, తండ్రి ముందు నోరెత్తడు. "ఆఫీసరుకు తెల్దా? నీకెందుకు పొలం సంగతి?" అని పక్కకు తిరిగాడు.

నిజానికి ఆఫీసరు చెప్పిన దాంట్లో నీళ్ళు పెట్టాలనే మాట కూడా ఉంది. మట్టి బాగా తడిపి గోనెపట్టాలు కప్పాలన్నాడు. కానీ మా బావిలో అప్పటికి నడుంలోతు నీళ్ళు కూడా లేవు. దానికి తోడు పెద్దాఫీసరు జీపు తోటదాకా రావాలని, కపిల తోలే ఎద్దుల్నే గరుసుమట్టి తోలడానికి దారి పనికి పంపించాడు మా మామ. అవ్వ, ఇంకొక ఆడమనిషి, కడవలతో మోసి చల్లారు. దుమ్ము అణిగింది, అంతే. జానెడు లోతున మట్టి పొడిగానే ఉంది. పైన గోనెపట్టాలు కప్పారు. ఏడు రోజులు లెక్కపెట్టారు.

ఎనిమిదో రోజు పొద్దున నేను విత్తనం ఒడిలో పెట్టుకుని పోయాను. మా మామ, ఆఫీసరు మడిగట్టు మీద ఉన్నారు. అవ్వ గోనెపట్టా తీసింది. ఆఫీసరు వంగి పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. "ఏమీ లేదు. పూర్తిగా విరిగిపోయింది. వెయ్యమనండి."

అవ్వ వేళ్ళతో లోపలికి తవ్వి, అడుగు మట్టి పిడికెడు తీసింది. పక్కనున్న కడవలోంచి కాసిని నీళ్ళు అరచేతిలో పోసి పిసికింది. గుప్పిట మూసి కాసేపు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళనుంచి నీళ్ళు కారాయి.

"ఇంకా ఉండాది సామీ. అంతా ఈడనే ఉండాది. పోలేదు."

ఆ గుప్పిట ఆఫీసరు వైపు చాచింది. ఆమె చేతిలోని మట్టికి ఆయన ముక్కు పెట్టలేదు. అది ఆయన తప్పా, ఆ కాలం తప్పా అని నన్నడగొద్దు. మనిషి చెయ్యి చాచి చూపిస్తే చూడలేనివాడి చదువు ఎందుకు?

"ఎండిన మట్టికి వాసన యాడ వస్తాది?" అంది అవ్వ. "రెండు తడులు పెట్టి, పది దినాలు ఆగి పోస్తా. మీకు దండం పెడతా."

"పది రోజులు ఆగితే ఆయన వచ్చేసరికి నారు చూపించేంతగా ఎదగదు," అన్నాడు ఆఫీసరు మా మామతో.

మా మామ నా వైపు తిరిగి, "ఇత్తనం దానికియ్యి," అన్నాడు.

నేను ఇచ్చాను. అవ్వ పోసింది. ఎప్పటిలాగానే పోసింది. ఒక్క గింజ తేడా లేకుండా పోసింది. మర్నాడు ఎద్దులు తిరిగొచ్చాయి, ఎగువన వానపడి బావిలో నీళ్ళూ ఊరాయి. మడి నిండా తడి పెట్టారు. ఆ మధ్యాహ్నం నేను బువ్వ తీసుకుని పోతే, తోట గట్టు ఎక్కకముందే ముక్కుకు కొట్టింది. రోట్లో ఆవపిండి నూరేటప్పుడు వచ్చే ఘాటు, వంద రోళ్ళది. కళ్ళు మండాయి. ఎద్దులు తలలు విదిలించాయి. ఏడు రోజుల కింద లేవాల్సింది విత్తనం తడిసిన రోజునే లేచింది. గింజ నానేదీ అప్పుడే, మొలక కళ్ళు తెరిచేదీ అప్పుడే. అవ్వ మడిగట్టు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది.

ఒక్క గింజ కూడా మొలవలేదంటే నమ్మరు. మూలన నీళ్ళు సరిగా ఎక్కని చోట పది పదిహేను మొక్కలు వచ్చాయి. మిగతా మడి బోడితల లాగా ఉంది.

పెద్దాఫీసరు జీపులో వచ్చాడు. ఊరివాళ్ళు యాభై మంది దాకా చేరారు. నేను మజ్జిగ బిందెతో చింతచెట్టు కింద నిలబడ్డాను. ఆయన మడి చుట్టూ తిరిగి, "ఏమైంది?" అన్నాడు.

మా ఆఫీసరు ముందుకొచ్చాడు. "పద్ధతిలో లోపం లేదండీ. విత్తనం వేయడంలో ఏదో జరిగింది."

"విత్తనం మంచిదేనా?"

"మా కోడలు దాచిన ఇత్తనం," అన్నాడు మా మామ. "దానికి వంక పెట్టేది ల్యా. ఏమ్మా?"

అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను. విత్తనం మంచిదే. ఆ తల ఊపులో అబద్ధం లేదు. కానీ విత్తనం మంచిదైతే, పద్ధతి మంచిదైతే, ఇక మిగిలింది ఏమిటి? మా మామ ఆ మాట అననే అన్నాడు.

"పోయినేడు, ఆ ముందేడు కూడా ఇట్లనే కుళ్ళిపాయ. దాని చెయ్యి మంచిది కాదు. మేమే తెలుసుకోలేకపోతిమి."

గుంపులో ఎవరో అవునన్నారు. అవ్వ గుంపు వెనక నిలబడి ఉంది. మా మామ వైపు చూడలేదు, ఆఫీసరు వైపు చూడలేదు. నన్ను చూసింది. ఘాటు ఎప్పుడు లేచిందో, ఎందుకు లేచిందో తెలిసినవాళ్ళం ఆ తోటలో మేమిద్దరమే. నేను గ్లాసులో మజ్జిగ పోశాను. పెద్దాఫీసరుకు ఇచ్చాను. జీపు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పది ఇళ్ళల్లో ఒక్కరూ అవ్వను నారు పోయడానికి పిలవలేదు. కలుపుకు కూడా కొందరు వద్దన్నారు. చలవ చెయ్యి అన్న నోళ్ళే దిష్టి చెయ్యి అన్నాయి. ఆమె దారి పక్కన కంకర కొట్టడానికి పోయింది.

నాకు నిద్ర పట్టేది కాదని, అన్నం సయించేది కాదని రాస్తే బాగుంటుంది. అదేం కాదు. నిద్ర పట్టింది, అన్నం తిన్నాను. కానీ పని చేస్తున్నంతసేపూ పళ్ళు కొరుక్కునేదాన్ని. ఒక రోజు కొట్టంలో మిగిలిన ఆవచెక్క గోతం కనిపించింది. దాన్ని చూడగానే ఏం చెయ్యాలో తెలిసింది.

పెరట్లో పగిలిన కుండలు, అడుగుతెగిన చట్లు ఏరాను. ఒకదాంట్లో ఎర్రమట్టి, చెక్కపొడి కలిపి, బొట్టు నీళ్ళు పొయ్యకుండా పక్కన పెట్టాను. ఒకదాంట్లో అదే కలిపి, తడిపి ఎండలో పెట్టాను. ఒకదాంట్లో దిబ్బఎరువు కూడా కలిపి తడిపాను. ఒకదాన్ని తడిపి మూత పెట్టి నీడన ఉంచాను. రోజూ వాసన చూసి, రెండు రోజులకొకసారి ఒక్కో కుండలోంచి దోసెడు మట్టి చిప్పలోకి తీసి నాలుగు రాగిగింజలు వేసేదాన్ని. రాగులు తొందరగా మొలుస్తాయి. అవి మొలిస్తే ఘాటు పోయినట్టు, మొలవకపోతే ఉన్నట్టు. నన్ను చూసి పనివాళ్ళు గుసగుసలాడారు. కోడలికి గాలి సోకిందని ఒకామె మా మామకు చెప్పింది కూడా.

కుండలు చెప్పిన మాట ఇది. తడిపి ఎండలో పెట్టిన దాంట్లో ఘాటు నాలుగైదు రోజుల్లో ముక్కుకు అందకుండా పోయింది. ఇంకో నాలుగు రోజులు పోతే రాగులు మొలిచాయి. దిబ్బఎరువు వేసిన దాంట్లో ఇంకా ముందే మొలిచాయి. మూత పెట్టి నీడన ఉంచిన దాంట్లో ఆలస్యమైంది. పొడిది మాత్రం మూడు వారాల తర్వాత దోసెడు తీసి నీళ్ళు పోస్తే, నిన్న కలిపినట్టే గుప్పున లేచింది. అందులో వేసిన రాగులు కుళ్ళాయి. ఆఫీసరు ఏడు రోజుల లెక్క తప్పు కాదు. వాళ్ళ సీమలో, ఎప్పుడూ తడిగా ఉండే నేలలో, అది నిజమే అయ్యుంటుంది. మా నేలలో ఏడు రోజులు మొదలే కాలేదు.

గోతాల లెక్క చూసుకోవడానికి ఆఫీసరు ఒక రోజు వచ్చాడు. మా మామ కోడుమూరు సంతకు పోయాడు. నేను తలుపు దాటి బయటికి వచ్చి, "ఇట్ల రాండి," అని ఆయన్ను పెరట్లోకి పిలిచాను. పరాయి మగవాడితో నేను మాట్లాడటం అదే మొదలు. కుండలన్నీ చూపించాను. పొడి కుండలో ఆయన ముందే నీళ్ళు పోశాను. ఈసారి ఆయన ముక్కు పెట్టాడు, దగ్గాడు. చాలాసేపు గొంతుక్కూర్చుని ఒక్కో చిప్పా చూశాడు. మనిషిలో నిజంగా ఆసక్తి ఉంది. అది కాదనను.

"ఈ ఘాటు ఎక్కడికి పోతుందనుకుంటున్నారు?" అని నన్నే అడిగాడు.

"కొంత గాలికి పోతాది, కొంత మట్టి తింటాది. అవ్వ చెప్పింది. దిబ్బఎరువు పడ్డ మట్టికి ఆకలెక్కువంట."

"అవ్వ ఎవరు?"

"ఆ పొద్దు మీకు గుప్పిట చూపించినామె. మీరు చూడలేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. అవ్వ సంగతి కూడా రాసుకున్నాడనే అనుకున్నాను. మా మామకు చెప్పండి, ఊళ్ళో చెప్పండి, ఆమె తప్పు లేదని ఒక్క మాట చెప్పండి అని అడిగాను. తప్పకుండా అన్నాడు.

చెప్పలేదు. మరుసటి ఏడు విత్తనాల కాలానికి ముందు అచ్చేసిన కాగితం ఒకటి వచ్చింది. మా ఆయన అరుగు మీద పదిమంది ముందు చదివాడు. ఆవచెక్క కలిపిన మట్టిని బాగుగా తడుపవలెనని, తడిపిన దినము నుండియే రోజులు లెక్కింపవలెనని, విత్తనము వేయుటకు ముందు దోసెడు మట్టిలో రాగులు చల్లి మొలుచునో లేదో చూడవలెనని ఉంది. కింద ఆఫీసరు హోదా ఉంది. మా గ్రామంలో జరిపిన పరిశీలన వలన తేలినదని కూడా ఉంది. మా మామ పేరుపొందిన రైతుగా అందులో ఎక్కాడు. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

నేను లోపల్నుంచే అడిగాను. "అవ్వ మాట యాడుండాది దాంట్లో?"

మా ఆయన లోపలికి వచ్చి, "నాయన ఉండాడు, ఊరుకో," అన్నాడు.

"ఊరుకున్నందుకే గదా ఇంత జరిగింది," అన్నాను. ఆయన నా వైపు చూసి, తల దించుకుని బయటికి పోయాడు.

ఆ కాగితం తీసుకుని అవ్వ గుడిసెకు పోయాను. మా ఇంటి కోడలు ఆ కూలివాళ్ళ గేరికి పోవడం ఎవరూ ఎరగరు. అవ్వ కంకర కొట్టి అప్పుడే వచ్చి, వేళ్ళకు పసుపు నూనె రాసుకుంటోంది. గింజలు జారవిడిచిన వేళ్ళు పగిలి నెత్తురు చిమ్ముతున్నాయి. కాగితం చదివి వినిపించాను.

"తడిపిన పొద్దునుంచి లెక్క పెట్టమని రాసినారా?"

"రాసినారు."

"మంచిదే. నాలుగు మడులు బతుకుతాయి." తర్వాత అడిగింది. "నా చెయ్యి సంగతి ఏమన్నా రాసినారా?"

"ల్యా."

"మరి నాకెందుకు సదివి చెప్తాండావు కోడలమ్మా?"

నేను ఆ తల ఊపిన సంగతి ఎత్తాను. తప్పయిందన్నాను. ఆమె వేళ్ళకు నూనె రాసుకుంటూనే ఉంది. "తప్పని నాకు చెప్పితే ఏమొస్తాది? నాకు తెల్సు గదా. తెలియనోళ్ళు బయట ఉండారు," అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ ఏడు మడి తయారైంది. చెక్క కలిపారు, ఈసారి నిండా తడిపారు. రాగులు మొలిచాయి. నారు పోయడానికి పక్క ఊరినుంచి ఇంకొకామెను పిలిపించారు. పొద్దున్నే మా మామ వాకిట్లో నిలబడి, "ఇత్తనం తీసుకోని రా అమ్మా," అన్నాడు.

"ఇయ్యను మామా."

నా మాట తనకు సరిగా వినపడలేదనుకున్నాడు. మళ్ళీ అడిగాడు.

"ఇయ్యను. అవ్వను పిలిపిచ్చి, నీ తప్పు ల్యాదు, నీ చెయ్యి మంచిదే అని ఊరి ముందర చెప్పండి. ఇస్తా."

"ఏం మాట్లాడుతాండావు?"

"నిరుడు ఆఫీసరు తప్పు చెప్పినాడు. మీరు నీళ్ళు పెట్టనీక ఎద్దులను పంపిస్తిరి. నేను తెల్సి నోరు మూసుకుంటి. ముగ్గురం కలిసి ఆమె కడుపు కొడితిమి. ఆ కాగితంలో ఉండేదంతా ఆమె చెప్పిందే."

మా ఆయన తండ్రి పక్కనే ఉన్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మా మామ కుండలున్న గదివైపు రెండడుగులు వేశాడు. నేను గడప మీద కూర్చున్నాను. కోడలిని తాకి పక్కకు జరపలేడు కదా. కొడుకు వైపు చూశాడు. కొడుకు నేల చూపులు చూశాడు. నా సంసారంలో మా ఆయన నాకు చేసిన పెద్ద సాయం ఆ నేల చూపే.

రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు మబ్బు పట్టింది. అదును పోతోందని ఊళ్ళో వాళ్ళు అడగడం మొదలుపెట్టారు. మా మామ ఊరి ముందు చెప్పలేదు. అది ఆయన వల్ల కాలేదు. మనిషిని పంపి అవ్వను పెరటివైపు పిలిపించి, నా ముందు, మా ఆయన ముందు, "ఏదో అయిపాయ. నువ్వే నారు పొయ్యి," అన్నాడు. ఆయన లెక్కలో అదే చాలా ఎక్కువ.

అవ్వ కొంగు భుజం మీదికి లాక్కుంది. "నేను పొయ్యను సామీ."

"ఏం? పిలిస్తిని గదా."

"పదిమంది ముందర తిట్టి, పెరట్లో పిలిస్తే ఎట్ల సామీ? మొలిస్తే మీ కాగితం గొప్ప అంటారు, మొలవకపోతే నా చెయ్యి అంటారు. నాకు వద్దు."

మా మామ జీవితంలో ఒక కూలిమనిషి ఆయనతో వద్దనడం అదే మొదలు, అదే ఆఖరు కూడా అనుకుంటాను. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

నేను కుండల్లోంచి విత్తనం సగం తీసి మూటకట్టి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె వద్దనలేదు. తీసుకుంది. వారం లోపల గుడిసెకు తడిక కట్టేసి కూతురి ఊరికి వెళ్ళిపోయింది. మిగిలిన విత్తనం పక్క ఊరామె పోసింది. నారు బ్రహ్మాండంగా వచ్చింది. ఆవచెక్క వేసి, ముసలిదాన్ని మాన్పించిన ఏడు కదా. ఊరు ఏమనుకుందో చెప్పనక్కర్లేదు.

మూడో ఏడు అదే మడిలో చెక్క వేస్తే ఘాటు రెండు రోజులు కూడా నిలవలేదు. రాగులు వెంటనే మొలిచాయి, కానీ నారు మళ్ళీ కుళ్ళింది. రుచి మరిగిన మట్టి వేసిందల్లా తినేస్తోంది, పురుగుకు ఏమీ మిగల్చడం లేదు. ఇది కనిపెట్టి చెప్పడానికి అవ్వ లేదు, నేను చెబితే వినేవాడూ లేడు. ఆఫీసరుకు బదిలీ అయింది. ఆవచెక్క గోతాలు రావడం ఆగిపోయింది. అప్పుడు నారు పోసినామె చెయ్యి మంచిది కాదని ఎవరూ అనలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నాలుగేళ్ళ తర్వాత మహానందికి పోయినప్పుడు, దర్శనం అయ్యాక అడుగుతూ అడుగుతూ ఆ పల్లెకు నడిచాను. కోనేట్లోంచి పారే నీళ్ళు ఆ పొలాలన్నిటికీ అందుతాయి. ఎండాకాలంలో కూడా నేల చల్లగా ఉంది. అవ్వ ఒక గట్టు మీద నిలబడి ముగ్గురు ఆడవాళ్ళ చేత నారు పీకిస్తోంది. మిరపనారు. నన్ను గుర్తుపట్టి, "ఎంత దూరం వచ్చినావే," అంది. తనను ఏమే అనే ఇంటి కోడలిని ఆమె కోడలమ్మా అనకుండా వచ్చినావే అని చనువుగా పలకరించడం అదే మొదటిసారి. నాకు హాయిగా అనిపించింది. జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టింది. ఈడ నీళ్ళున్నాయి కాబట్టి అంతా తొందరగా కరిగిపోతాదని, మంచీ చెడ్డా రెండూ అంతేనని అంది. ఊరి సంగతులు ఒక్కటీ అడగలేదు. నేనూ చెప్పలేదు. పొద్దు వాలేదాకా ఆమె పక్కన కూర్చుని నారు కట్టలు కట్టాను. నా కట్టలు వదులుగా ఉన్నాయని రెండుసార్లు విప్పించింది.

మళ్ళీ వస్తానని చెప్పాను. పిల్లలు, కాన్పులు, మా మామ మంచాన పడటం, ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఒకసారి నంద్యాల బస్సులో ఆ పల్లె ఆడమనిషి ఒకామె కనిపిస్తే అడిగాను. అవ్వ పోయి ఏడాదైందని చెప్పింది. ఆమె దినాలకు చుట్టుపక్కల నాలుగు పల్లెలనుంచి తోటలవాళ్ళు వచ్చారట.

"మాకెవరూ చెప్పలేదే," అన్నాను.

"మీరెవరమ్మా?" అంది ఆమె.

నేను మా ఊరి పేరు చెప్పాను. ఆమె ఆ పేరు ఎప్పుడూ విన్నట్టు లేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.